శబ్దం చేయని ట్యాపెట్: ఒక ఎల్పీజీ ఓమ్ని వ్యాన్ కేసు

బండి మారుతి ఓమ్ని, 1998 మోడల్. కార్బురేటర్ ఇంజిన్, 796 సీసీ, మూడు సిలిండర్లు, ఆరు వాల్వులు. తర్వాత ఎల్పీజీ కిట్టు వేయించారు. తెల్లవారుజామున విజయవాడలో పాల ప్యాకెట్లు ఎక్కించుకుని, బందరు రోడ్డు మీద కంకిపాడు, ఉయ్యూరు దాకా దుకాణాలకు వేసి రావడం దాని పని. 2011 డిసెంబరులో ఆటోనగర్‌లోని మా షెడ్డుకు వచ్చింది. నడిపే అబ్బాయే ఓనరు.

"బాబాయ్, పొద్దున మూడింటికి స్టార్ట్ చేస్తే బండంతా వణుకుతోంది. యాక్సిలరేటర్ వదిలితే ఆగిపోతోంది. కంకిపాడు దగ్గరికొచ్చేసరికి చాలావరకు సర్దుకుంటుంది. అయినా లోడు మీద మునుపటి పికప్ లేదు" అన్నాడు. అప్పటికే కొత్త ప్లగ్గులు, ప్లగ్ వైర్లు వేయించాడు. కార్బురేటర్ సర్వీసు అయింది. చలికాలం కాబట్టి గ్యాస్ వేపరైజర్ (ద్రవంగా ఉన్న ఎల్పీజీని ఆవిరిగా మార్చే భాగం) గడ్డకడుతోందని ఎవరో చెబితే దాని డయాఫ్రం కూడా మార్పించాడు. రోజూ సరుకు వేయాల్సిన మనిషికి ఆ ఖర్చు చిన్నది కాదు. మూడింటికి బండి కదలకపోతే ఆరింటికి దుకాణాల్లో పాలుండవు. ఆ టెన్షన్ అతని ముఖంలోనే కనిపించింది.

"ట్యాపెట్లు చూపించావా?" అని అడిగాను.

"నెల కిందటే సెట్ చేయించాను బాబాయ్. అంతకుముందు టకటకమనేది. ఇప్పుడు వినండి, కుట్టుమిషన్‌లా ఉంది."

నిజంగానే ఏ శబ్దమూ లేదు. ఈ కేసులో నాకు మొదటి అనుమానం తెప్పించింది ఆ నిశ్శబ్దమే. ఇంత పాత ఓమ్ని ఇంజిన్‌లో, అదీ గ్యాస్ మీద తిరిగే ఇంజిన్‌లో, వాల్వులను నొక్కే ట్యాపెట్ల దగ్గర కొంచెం టిక్ టిక్ వినపడాలి. వినపడకపోతే అక్కడ గ్యాప్ ఉందో లేదో చూసి తీరాలి.

అయినా నేరుగా ట్యాపెట్ కవర్ విప్పలేదు. అనుమానంతో విప్పితే అనుమానించిందే కనపడుతుంది. ముందు కొలతలు తీసుకోవాలి. బండిని రాత్రికి షెడ్డులోనే ఉంచమన్నాను. మర్నాడు పాలు వాళ్ళ బావమరిది ఆటోలో పంపుకున్నాడు.

పొద్దున ఆరింటికి చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి ఒక్కో ప్లగ్ వైరు తీసి చూశాం. ఒకటో సిలిండర్ వైరు తీస్తే ఇంజిన్ దాదాపు ఆగిపోయింది. రెండోది తీస్తే కొంచెం తగ్గింది. మూడోది తీసినా ఏ తేడా లేదు. స్పార్క్ మూడింటికీ బాగానే వస్తోంది. అంటే మూడో సిలిండర్ అసలు పనిచేయడం లేదు, రెండోది సగమే పనిచేస్తోంది.

తర్వాత కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటుందో చూడటం. మూడు ప్లగ్గులూ విప్పి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఛార్జింగ్ నిండుగా ఉన్న బ్యాటరీతో సెల్ఫ్ కొట్టాం. ఒకటిలో 155 పీఎస్ఐ, రెండులో 125, మూడులో 70. మూడో దాంట్లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ చూస్తే 75. పిస్టన్ రింగులు అరిగి ఉంటే ఆయిల్ పోసినప్పుడు ముల్లు బాగా లేవాలి. లేవలేదంటే గాలి వాల్వుల దారిన పోతోంది. వాల్వుల వేళను నడిపే టైమింగ్ బెల్టు పన్ను దూకి ఉంటే మూడు సిలిండర్లూ కలిసే పడిపోయేవి కాబట్టి ఆ అనుమానం కూడా తీరింది.

ప్లగ్గులు బిగించి, బండిని ఉయ్యూరు రోడ్డు మీద ఓ గంట తిప్పి తెచ్చి, వేడి మీద మళ్ళీ చూశాం. ఈసారి 160, 150, 105. మూడో సిలిండర్‌లో చల్లగా 70 ఉన్నది వేడెక్కితే 105 అయింది. ఈ కేసు తాళంచెవి ఇక్కడే ఉంది. అది అర్థం కావాలంటే గ్యాప్ ఎందుకు ఉంచుతారో కాస్త వివరంగా చెప్పాలి.

ఈ ఇంజిన్‌లో క్యామ్‌షాఫ్ట్ హెడ్‌లోనే (సిలిండర్ల మీద మూతలా కూర్చునే భాగం) ఉంటుంది. దాని మీది గుబ్బ (లోబ్) రాకర్ అనే మీట ఒక చివరను ఎత్తుతుంది, రెండో చివరన ఉన్న స్క్రూ వాల్వు కాడను నొక్కుతుంది. వాల్వు మూసుకుని ఉన్నప్పుడు ఆ స్క్రూ కొనకూ వాల్వు కాడకూ మధ్య సన్నటి ఖాళీ ఉండాలి. అదే ట్యాపెట్ క్లియరెన్స్. ఖాళీ ఎక్కువైతే టకటకమంటుంది, వాల్వు ఆలస్యంగా, తక్కువగా తెరుచుకుంటుంది, స్క్రూ కొన కాడను కొట్టి కొట్టి అరగదీస్తుంది. అది ఎదురుగా కనపడే, చెవికి వినపడే లోపం. ఖాళీ అసలు లేకపోతే వాల్వు తన సీటు మీద పూర్తిగా కూర్చోలేదు. కాలిన గ్యాసును బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వు తల వందల డిగ్రీల వేడిలో పనిచేస్తుంది. ఆ వేడిలో ఎక్కువ భాగాన్ని అది సీటును తాకిన క్షణాల్లోనే హెడ్‌కు ఇచ్చి చల్లబడుతుంది. సీటు తగలకపోతే వేడి పోయే దారి మూసుకుపోతుంది. ఆ సందులోంచి మంటే బయటికి తన్ను‌కొస్తుంటే వాల్వు అంచు కొద్దికొద్దిగా కాలిపోతుంది. ఇంత జరుగుతున్నా పైన ఏ శబ్దమూ ఉండదు.

ఇక చల్లగా ఎంత, వేడిగా ఎంత అన్నది. ఈ ఇంజిన్‌కు ఇన్లెట్‌కూ ఎగ్జాస్ట్‌కూ ఒకే కొలత. చల్లగా 0.13 నుంచి 0.18 మి.మీ., వేడిగా 0.23 నుంచి 0.28 మి.మీ. వేడెక్కితే వాల్వు కాడ సాగుతుంది కదా, గ్యాప్ తగ్గాలి కదా అని చాలామంది అనుకుంటారు. వాల్వు ఉక్కు, హెడ్ అల్యూమినియం. అల్యూమినియం ఉక్కు కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది. హెడ్ పెరిగి రాకర్లను పైకి మోసుకుపోతుంది, అందుకే ఈ ఇంజిన్‌లో వేడి మీద గ్యాప్ పెరుగుతుంది. అన్ని ఇంజిన్లకూ ఇదే లెక్క వర్తించదు. ఏ బండికి ఆ బండి పుస్తకం చూడాల్సిందే.

ఇప్పుడు ఈ వ్యాన్ ప్రవర్తన సరిగ్గా అతుకుతుంది. తెల్లవారుజామున హెడ్ చల్లగా ఉంటే గ్యాప్ సున్నా, వాల్వు మూసుకోదు, సిలిండర్ మిస్ అవుతుంది. కంకిపాడు చేరేసరికి హెడ్ వేడెక్కి గ్యాప్ వస్తుంది, వాల్వు చాలావరకు మూసుకుంటుంది, బండి సర్దుకుంటుంది. వేపరైజర్ గడ్డకట్టినా ఇలాగే చల్లగా ఉన్నప్పుడు ఇబ్బంది పెట్టి వేడెక్కాక సర్దుకుంటుంది కాబట్టి అందరూ దాన్ని పట్టుకున్నారు. వాళ్ళ అనుమానంలో తప్పు లేదు. కంప్రెషన్ గేజ్ పెట్టి ఉంటే ఆ డయాఫ్రం ఖర్చు తప్పేది.

ఆ రాత్రి కూడా బండి షెడ్డులోనే ఉంది. ఓమ్నిలో ఇంజిన్ ముందు సీటు కింద, గాలి తగలని చోట ఉంటుంది. సాయంత్రం ఆపిన ఇంజిన్ రాత్రి పదికి కూడా పూర్తిగా చల్లబడదు. హెడ్ మీద అరచేయి పెడితే చల్లగా తగలాలి, నాకు అదే కొలత.

మర్నాడు సీటు ఎత్తి, ఎయిర్ క్లీనర్ తీసి, ట్యాపెట్ కవర్ విప్పాం. వరస ఇలా: క్రాంక్ పుల్లీ బోల్టుకు స్పానర్ వేసి ఇంజిన్‌ను తిరిగే దిశలోనే తిప్పుతూ ఒకటో సిలిండర్‌ను కంప్రెషన్ చివర టాప్‌కు తెచ్చి దాని రెండు వాల్వులూ కొలవాలి. ఫైరింగ్ ఆర్డర్ 1-3-2 కాబట్టి అక్కణ్ణుంచి 240 డిగ్రీలు తిప్పితే మూడోది, ఇంకో 240 తిప్పితే రెండోది. పిస్టన్ టాప్‌కు రెండుసార్లు వస్తుంది, ఒకసారి కంప్రెషన్ చివర, ఇంకోసారి ఎగ్జాస్ట్ చివర. ఎగ్జాస్ట్ చివర రెండు వాల్వులూ కొద్దికొద్దిగా తెరిచి ఉంటాయి. అక్కడ సెట్ చేస్తే పనంతా పాడవుతుంది. మామూలుగా రాకర్లను వేళ్ళతో ఊపి, రెండూ లూజుగా ఉంటే కంప్రెషన్ టాప్ అని గుర్తుపడతాం. ఈ బండిలో ఆ గుర్తు పనికిరాలేదు. గ్యాపే లేని రాకర్ ఎక్కడ చూసినా బిగుతుగానే ఉంటుంది. మా కుర్రాడు అక్కడ తికమకపడ్డాడు. స్పార్కును సిలిండర్లకు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపల తిరిగే రోటర్ ఏ సిలిండర్ వైరు వైపు చూస్తోందో చూడమన్నాను. రోటర్ అబద్ధం చెప్పదు.

కొలతలు రాసిపెట్టుకున్నాను. ఇన్లెట్లు వరసగా 0.06, 0.05, 0.06. ఎగ్జాస్ట్ ఒకటోది 0.04, అదీ బిగుతుగా. రెండో దాంట్లో మా దగ్గరున్న అన్నిటికంటే సన్నటి కొలత రేకు (ఫీలర్ గేజ్) 0.04 కూడా దూరలేదు, రాకర్‌లో మాత్రం వెంట్రుకవాసి కదలిక ఉంది. మూడోది సున్నా, రాకర్ రాయిలా ఉంది.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. చాలా షెడ్లలో ఈ దశలో వెంటనే స్పానర్ వేసి 0.15కు సెట్ చేసి పంపేస్తారు. బండి బాగుపడుతుంది కూడా. కానీ ఈ ఆరు అంకెల్లో రెండు కథలున్నాయి.

మొదటిది ఇన్లెట్లది. మూడూ ఒకే రకంగా, ఉండాల్సిన దానికంటే దాదాపు 0.10 తక్కువగా ఉన్నాయి. అరుగుదల మూడింటినీ ఇంత సమానంగా తగ్గించదు, ఒక మనిషి చేయి మాత్రమే తగ్గించగలదు. చల్లని కొలతకూ వేడి కొలతకూ తేడా కూడా సరిగ్గా 0.10. అంటే నెల కిందట ఎవరో వేడి ఇంజిన్ మీద 0.15 రేకు పెట్టి సెట్ చేశారు. అంకె సరైనదే, వేళ తప్పు. అబ్బాయిని అడిగితే, "అవును బాబాయ్, ట్రిప్పు నుంచి నేరుగా వెళ్ళాను, అరగంటలో చేసిచ్చారు" అన్నాడు. అతను అడిగింది శబ్దం తగ్గించమని. శబ్దం తగ్గింది.

రెండోది ఎగ్జాస్ట్‌లది. అవీ అదే చేత్తో, అదే రేకుతో సెట్ అయి ఉంటే అవి కూడా 0.05 దగ్గరే ఉండాలి. ఒకటి 0.04కు, రెండోది అంతకంటే కిందికి, మూడోది సున్నాకు పోయాయి. ఆ నెల రోజుల్లో ఎగ్జాస్ట్ వాల్వులు సీట్లలోకి దిగబడ్డాయి. వాల్వు సీటులోకి దిగితే కాడ పైకి లేస్తుంది, గ్యాప్ తగ్గిపోతుంది. గ్యాస్ బండ్లలో మామూలుగా కనపడే జబ్బు ఇది. ఎల్పీజీ పొడిగా కాలుతుంది, సీటు మీద ఏ పొరా మిగల్చదు. వాల్వు సీటును కొట్టిన ప్రతిసారీ లోహానికి లోహమే తగిలి, ఆ వేడికి కణం కణం అంటుకుని ఊడి వస్తుంది. పాత రోజుల్లో పెట్రోలులో ఉన్న సీసం కాలి, సీటు మీద మెత్తలా ఒక పొర పరిచేది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే వచ్చింది. పిల్లల ఆరోగ్యానికి అది చాలా మంచి పని. మెత్త సీట్లున్న పాత ఇంజిన్లకు మాత్రం ఆ అండ పోయింది, గ్యాస్ మీద అసలే లేదు.

ఇంకో సంగతి కూడా బయటపడింది. మైలేజీ కోసం ఇంజిన్‌కు పోయే గ్యాస్‌ను తగ్గించి పెంచే ఎల్పీజీ కిట్టు పవర్ స్క్రూను బాగా లోపలికి బిగించారు. గ్యాస్ తక్కువ, గాలి ఎక్కువ అయితే మంట నిదానంగా కాలి, ఎగ్జాస్ట్ వాల్వు దాటే వేళకు కూడా ఇంకా వేడిగా ఉంటుంది. అసలే దెబ్బతింటున్న సీటుకు అది అదనపు భారం.

ముందు అన్నీ సెట్ చేశాం. లాక్ నట్ వదులు చేసి, రేకు పెట్టి, స్క్రూ తిప్పుతూ, రేకు లాగితే కొంచెం పట్టుకుంటూ రావాలి. ఆ పట్టు ఎంత అన్నది మాటల్లో చెప్పడం కష్టం. మా కుర్రాళ్ళకు రెండు రేకులతో నేర్పిస్తాను. 0.15 కావాలంటే 0.13 తేలిగ్గా దూరాలి, 0.18 దూరకూడదు. ఈ రెండూ అయితే మధ్యలో 0.15 ఉన్నట్టే, చేతి అంచనాతో పని లేదు. స్క్రూ కొన గుంటపడి ఉంటే మాత్రం ఈ పరీక్ష కూడా మోసం చేస్తుంది. చదునైన రేకు గుంట అంచుల మీదే ఆగిపోతుంది, అసలు ఖాళీ అంతకంటే ఎక్కువ ఉంటుంది. ఈ బండిలో రెండో ఇన్లెట్ స్క్రూ అలాగే ఉంటే మార్చాం. నెల కిందటి టకటక దాని వల్లే కావచ్చు. ఇంకోటి, లాక్ నట్ బిగించేటప్పుడు స్క్రూ కూడా వెంట్రుకవాసి తిరుగుతుంది. బిగించాక మళ్ళీ రేకు పెట్టి చూడకపోతే అప్పటిదాకా చేసిన పని లెక్కలోకి రాదు.

ఇన్లెట్లు 0.15, ఎగ్జాస్ట్‌లు 0.18 పెట్టాను. రెండూ ఆ ఇంజిన్‌కు చెప్పిన హద్దుల్లోనే ఉన్నాయి. గ్యాస్ బండికి ఎగ్జాస్ట్ తగ్గుతూనే పోతుంది కాబట్టి పై అంచున పెట్టడం నా అలవాటు. మన ఎండల సంగతి కూడా ఉంది. చల్లని ఇంజిన్ అంటే పుస్తకాల లెక్కలో 20 డిగ్రీల దరిదాపు. మే నెలలో విజయవాడలో తెల్లవారుజామున కూడా హెడ్ 30 డిగ్రీలుంటుంది. ఆ తేడా గ్యాప్‌లో 0.02 దాకా వస్తుంది. అందుకే ఎండాకాలంలో ఇన్లెట్లు కూడా 0.17 పెడతాను. ఆ డిసెంబరు పొద్దున ఆ అవసరం రాలేదు.

సెట్ చేశాక చల్లటి ఇంజిన్ కంప్రెషన్ 160, 155, 135. వణుకు పోయింది. అబ్బాయి అప్పుడే తాళం తీసుకుని వెళ్ళిపోబోయాడు. మూడో దాంట్లో 135 నాకు నచ్చలేదు. మూడో సిలిండర్‌ను కంప్రెషన్ టాప్‌లో పెట్టి, గేరు వేసి, హ్యాండ్ బ్రేక్ లాగి, ప్లగ్ రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి పంపాం. సైలెన్సర్ గొట్టం దగ్గర చెవి పెడితే సన్నగా బుస్ మంది. అతన్నీ వినమన్నాను. "అబ్బాయ్, గ్యాప్ ఇచ్చాం, కానీ వాల్వు ఇప్పటికే దెబ్బతింది. ఇది ఎన్నాళ్ళు వస్తుందో ఇవాళ చెప్పలేను. 1500 కిలోమీటర్లకు ఒక రాత్రి ఇక్కడ వదిలిపెట్టు, కొలిచి చెబుతాను. అప్పటిదాకా హెడ్ విప్పించకు" అన్నాను. డబ్బులు మళ్ళీ ఖర్చు పెట్టించే ముందు నాకూ ఒక అంకె కావాలి.

మూడు వారాలకు వచ్చాడు. ఇన్లెట్లు కదల్లేదు, 0.15. ఎగ్జాస్ట్ ఒకటోది 0.17, రెండోది 0.16, మూడోది 0.13. అంటే 1500 కిలోమీటర్లకు మూడో వాల్వు 0.05 దిగింది. ఇదే వేగమైతే ఇంకో నాలుగు వేల కిలోమీటర్లకు మళ్ళీ సున్నా. మాటిమాటికీ సెట్ చేస్తూ పోవచ్చు, కానీ ప్రతిసారీ వాల్వు అంచు పల్చబడుతుంది, చివరికి ఒక ముక్క విరిగి పిస్టన్ మీద పడితే ఖర్చు నాలుగింతలు. కాగితం మీద ఈ అంకెలు చూపిస్తే అతనే "విప్పేద్దాం బాబాయ్" అన్నాడు.

హెడ్ విప్పాక చూపించి చెప్పడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. మూడో ఎగ్జాస్ట్ సీటు మీద వాల్వు కూర్చునే పట్టీ ఒకటిన్నర మి.మీ. లోపు ఉండాల్సింది రెండున్నర దాకా వెడల్పయింది, చిన్న చిన్న గుంటలున్నాయి. వాల్వు అంచున ఒకచోట తెల్లగా కాలి గాడి మొదలైంది. మిగతా రెండూ అదే దారిలో ఉన్నాయి. లేత్ షాపులో మూడు ఎగ్జాస్ట్ సీట్లూ కోసి, గట్టి సీటు రింగులు దిగ్గొట్టించాం. కొత్త ఎగ్జాస్ట్ వాల్వులు, మూడో దానికి వాల్వు కాడ జారే కొత్త గైడు. పేస్టుతో గ్రైండింగ్ చేశాక పోర్టుల్లో కిరోసిన్ పోసి పావుగంట ఉంచాం, చెమ్మ కూడా దిగలేదు. కొత్త సీట్లలో వాల్వు కాడ ఎంత ఎత్తున నిలుస్తోందో పాత ఇన్లెట్లతో పోల్చి చూసుకున్నాం. కాడ మరీ ఎత్తుగా వస్తే స్క్రూ సర్దుబాటుకు చోటు మిగలదు. హెడ్ గ్యాస్కెట్‌తో పాటు టైమింగ్ బెల్టు కూడా మార్చాం. పవర్ స్క్రూను లోడు మీద బండి శుభ్రంగా లాగేదాకా తెరిచాను. మైలేజీ కొంచెం తగ్గుతుందని అతనికి ముందే చెప్పాను, ఒప్పుకున్నాడు. రోజూ పెట్రోలు మీద స్టార్ట్ చేసి రెండు కిలోమీటర్లు పోయాకే గ్యాస్‌కు మార్చమన్నాను. కార్బురేటర్ ఎండిపోకుండా ఉంటుంది, చలిలో వేపరైజర్‌కూ వేడెక్కే సమయం దొరుకుతుంది.

కంప్రెషన్ 165, 165, 160 వచ్చింది.

1000 కిలోమీటర్లకు ఎగ్జాస్ట్‌లు మూడూ 0.17. కొత్త సీట్లు కొంచెం కుదురుకోవడం మామూలే, మళ్ళీ 0.18 చేశాం. ఆ తర్వాత 5000 కిలోమీటర్లకు 0.17, 0.17, 0.18. 15,000కు 0.16, 0.17, 0.17. సెట్ చేయాల్సిన అవసరమే రాలేదు. ఇన్లెట్లు అలాగే ఉన్నాయి. ట్యాపెట్ కవర్ లోపలి పక్కన ఈ అంకెలు తేదీలతో సహా ఆయిల్ పెయింట్‌తో రాసిపెట్టాను, తర్వాత ఎవరు విప్పినా కనపడాలని. వాటి కింద "చల్లగా మాత్రమే" అని కూడా రాశాను.

ఇప్పుడు ఆ ఇంజిన్ సన్నగా టిక్ టిక్ మంటుంది. మొదటి వారంలో అతను ఫోన్ చేసి, "బాబాయ్, మళ్ళీ శబ్దం వస్తోంది" అన్నాడు. ఉండనీ అన్నాను. ఆ తర్వాత కొలత చూపించాల్సినప్పుడల్లా ముందు రోజు సాయంత్రమే బండి తెచ్చి, మా షెడ్డులో వదిలి, ఆటో ఎక్కి ఇంటికి పోయేవాడు.